చివరి పెట్టె

జిలానీ వేసిన మూడో బ్యాటరీ కూడా చచ్చింది.

కంప్యూటరు ఉద్యోగం వదిలి రహంతుల్లా బాబా దగ్గర శిష్యరికానికి చేరినవాడు జిలానీ. కొండ మీంచి దిగే, వాన పడితేనే పారే వంక వెంబడి సెన్సరు పెట్టెలు పాతాడు. పైన నీళ్లొస్తే ఒక పెట్టె కిందిదానికి, అది తన కిందిదానికి తీగ లేకుండానే కబురందిస్తాయి. బాబా కుటీరం పక్కనున్న చివరి పెట్టె గంట మోగిస్తుంది. ఆ గంటనే నమ్ముకుని ఓబులేసు వంకలో మేకలు మేపుతున్నాడు.

"అన్నీ బాగున్నాయి బాబా. ఈ చివరిదే పాడు సరుకు. ఇంకో బ్యాటరీ వేస్తా. అదీ పోతే పెట్టెనే పారేస్తా."

బాబా టీ ఊదుకున్నాడు. "పైనున్నవి ఏం మాట్లాడుకుంటాయి?"

"నిమిషానికోసారి 'నీళ్లు లేవు' అని చెప్తాయి. అన్నిటి కబురూ చివరికి దీనికే చేరుతుంది."

"మర్యాదస్తులు," అన్నాడు బాబా.

మర్నాడు బాబా చెవుల్లో దూది పెట్టుకుని, వచ్చినవాళ్లందరి ముందూ కూర్చున్నాడు. "నాకేం చెప్పాలన్నా జిలానీకి చెప్పండి. నాకు అందరికన్నా దగ్గర కూర్చునేది వాడేగా."

జిలానీ ఛాతీ జానెడు పెరిగింది. మధ్యాహ్నానికి తగ్గింది.

"పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పు," అంది వంట చేసే మాబున్నీ.

"నిన్న లేని జ్వరం ఈరోజూ లేదని చెప్పు," అన్నాడొకాయన.

"చెప్పడానికేమీ లేదని చెప్పు నాయనా," అంది ఒక ముసలామె.

జిలానీ ప్రతిదీ బాబా చెవి దగ్గర అరిచాడు. బాబా "ఆఁ?" అనేవాడు. జిలానీ మళ్లీ అరిచేవాడు.

సాయంత్రం ఓబులేసు పరుగున వచ్చాడు. "కొండ మీంద మబ్బు పట్టింది. గంట మోగల్యా. మేకల్ని తోలుకొచ్చేదా, ఉండనిచ్చేదా? బాబాను అడుగప్పా."

జిలానీ నోరు తెరిచాడు. అరిచి అరిచి పోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

బాబా దూది తీసేశాడు. "తోలుకురా ఓబులేసూ. ఉరుకు."

ఆఖరి మేక గట్టెక్కేసరికి వంకలో ఎర్రనీళ్లు దిగాయి. గంట మోగలేదు.

బాబా జిలానీని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఇదీ పాడు సరుకే. పారేద్దామా?"

జిలానీ వానలోకి వెళ్లి చివరి పెట్టెను తెచ్చాడు. తన కండువాతో తుడిచాడు. కంప్యూటరు తెరిచి, నీళ్లొస్తే తప్ప నోరెత్తొద్దని పైపెట్టెలన్నిటికీ రాశాడు. చివరి పెట్టెకు తోడుగా ఇంకో రెండు పెట్టెలు బయటికి తీసి, కబురు మోసే పని మూడింటికీ వంతులేశాడు.

మాబున్నీ తొంగి చూసింది. "జిలానీ, రాత్రికి ఎప్పట్లాగే రొట్టెలేనని బాబాకు చెప్పు."

జిలానీ పెదవుల మీద వేలు పెట్టాడు.

బాబా చెవుల్లో దూది మళ్లీ పెట్టుకున్నాడు.