అంకుడు కర్ర చెవిదొప్పలు

రాజులు మధ్యాహ్నం పూట హాయిగా కునుకు తీసే రోజుల మాట ఇది. తోట అవతల పాడే పాటని మంచం మీంచే వినాలని ఓ రాజుగారికి కోరిక పుట్టింది. బొమ్మలు చెక్కే గవరమ్మ అంకుడు కర్రతో రెండు చెవిదొప్పలు చేసి, పొడుగాటి వెదురు గొట్టం తగిలించి తెచ్చింది. ధర ఓ బొమ్మ గుర్రమంత, అంతే.

ఆస్థాన విద్వాంసుడు శేషభట్టుకి ఒళ్లు మండింది. గంధపు చెక్క దొప్పలు పదింతల ధరకి అమ్మేది ఆయన బావమరిదే మరి.

"చవక సరుకు ప్రభూ. నేను పెట్టుకుని చూస్తాను. ఏమీ వినపడకపోతే ఈ గవరమ్మని ఇక సంతలో అడుగుపెట్టనివ్వకండి" అన్నాడు.

"అలాగే బాబూ. కాస్త దిండుకి ఆనుకోండి" అని గవరమ్మ ఆ దొప్పలు ఆయన చెవులకి పెట్టి, తోట చివరికెళ్లి, గొట్టంలో సన్నగా జోలపాట అందుకుంది.

గదిలో మిగతా ఎవరికీ చిన్న సవ్వడైనా వినపడలేదు. "ఏమీ లేదు ప్రభూ" అన్నాడు శేషభట్టు. కాసేపటికి, "ఏమీ లే..." అన్నాడు. రెప్పలు మెల్లగా వాలాయి, తల ఒరిగింది, గురక మొదలైంది.

గవరమ్మ తిరిగొచ్చి చూసింది. "ఏమీ వినపడకపోతే భట్టుగారిని నిద్రపుచ్చిందెవరు ప్రభూ?"

"మెల్లగా మాట్లాడు, లేస్తాడు" అంటూ రాజుగారు ఆ దొప్పలు తీసి తన చెవులకి పెట్టుకున్నారు. "సంతలో ముందు వరస నీదే. ఇప్పుడు మాత్రం వెళ్లి, ఆ పాటే నాకూ పాడు."