‘పడుంటుందిలే’ అన్న పందికొక్కు

ఒక ప్రశ్న అడుగుతాను, చూపు తిప్పుకోకుండా జవాబు చెప్పండి. మీ ఇంట్లో డబ్బా లేని మూతలెన్ని? ఎందుకు దాచారంటే, ఎప్పటికైనా పనికొస్తాయంటారు. ఆ ‘ఎప్పటికైనా’ అన్న రోజు ఏ క్యాలెండర్‌లో ఉందో చూపించండి, నేను నోరు మూసుకుంటాను. చూపించలేరు కదా? అయితే కథ వినండి.

వేరుశనగ చేల అంచున ఒక రాళ్లగుట్ట. గుట్టలో ఓ గుహ. గుహలో సూదెమ్మ అనే ముళ్లపంది. ఆవిడకి బొంతలు కుట్టడమంటే ప్రాణం. సూది కొనక్కర్లేదు, ఒంటినిండా సూదులే! ఊళ్లో దర్జీ కొట్టు వెనక పడేసిన పీలికలు, చేలో దిష్టిబొమ్మకి తొడిగి వదిలేసిన చొక్కా, విరిగిన గొడుగు గుడ్డ, ఏది కనపడినా వీపుకి గుచ్చుకుని ఇంటికి తెచ్చేసేది. మొదట్లో ఒక మూలే. తరవాత నాలుగు మూలలూ. చివరికి అటు తిరిగితే లంగా ముక్క, ఇటు తిరిగితే లుంగీ ముక్క ముళ్లకి తగులుకునేవి. ఆవిడ నడిచొస్తుంటే బట్టలారేసిన దండెం నడిచొస్తున్నట్టుండేది. కుట్టడం ఎప్పుడో ఆగిపోయింది. కూర్చోడానికి చోటుంటే కదా కుట్టేది!

ఆ గుడ్డల కుప్పకి ఆనుకునే పందికొక్కు బొర్రయ్య బొరియ. సూదెమ్మ ఏదైనా పారేద్దామని ఎత్తిందా, బొరియలోంచి మూతి బయటికొచ్చేది.

“అయ్యయ్యో అక్కయ్యా! బంగారంలాంటి ముక్క! తిండి అడుగుతుందా, నీళ్లడుగుతుందా? పడుంటుందిలే!”

సూదెమ్మకి ఒంటి మీద ముళ్లే గానీ మనసు దూది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ముక్క మళ్లీ కుప్పలో పడేది.

ఒకనాటి పొద్దున గోరింక రివ్వున వచ్చి రాతి మీద వాలింది.

“అత్తా, కబురు! మీ అమ్మాయి రేగమ్మకి నెలలు నిండాయి. పురిటికి బయల్దేరింది. రేపు పొద్దెక్కేలోగా ఇక్కడుంటుంది.”

సూదెమ్మ ముళ్లు సంతోషంతో లేచాయి, వెంటనే భయంతో నిలబడిపోయాయి. “ఎక్కడ పడుకోబెట్టనే పిల్లని? మా ఇంట పుట్టిన బిడ్డని అమ్మమ్మ కుట్టిన బొంత మీదే పడుకోబెట్టాలి. ఆ బొంత సగం కుట్టి ఈ కుప్పలో ఎక్కడో పెట్టాను. నా మనవడో మనవరాలో కటిక రాతి మీద పుట్టాలా?”

“ఏడవకు అత్తా. ఇవాళే కుప్ప తీసేద్దాం.”

మూతి బయటికొచ్చింది. “ఏం తీసేస్తావే, పిట్టకొంచెం కూతఘనం! అక్కయ్య కష్టార్జితం ఇది!”

గోరింక తల వంచి ఎంతో వినయంగా అడిగింది. “బాబాయ్, తెలీక అడుగుతున్నా. ఇందులో చెత్త బొత్తిగా లేదా?”

“గోరంత కూడా లేదు! అంతా బంగారం!”

“ఉడుతల్లారా, కుందేళ్లారా, విన్నారా? బంగారమట!” అంది గోరింక. గుట్ట మీదున్నవన్నీ చెవులు రిక్కించి దగ్గరికొచ్చాయి. “అయినా బాబాయ్, నీ బొరియ ఇరుకు కదా, పాపం. లేకపోతే ఈ బంగారం నీ దగ్గరే దాచేవాడివి.”

“ఇరుకా! నా ఇల్లా! గుట్ట కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా నాదే. ఊరి పంటంతా పట్టుద్ది!”

“మా బాబాయే బాబాయి! అత్తా, ఒక్క పీలిక కూడా పారెయ్యొద్దు. పనిచేసేవి నీ దగ్గర ఉంటాయి, పడుండేవి బాబాయి దగ్గర పడుంటాయి.”

బొర్రయ్య చుట్టూ చూశాడు. ఇంతమంది ముందు బంగారం వద్దంటే ఏం బావుంటుంది? నాలుగు పీలికలేగా అనుకుని, “దానికేం, పంపండి” అన్నాడు.

గోరింక ఒక్కో ముక్కా ముక్కుతో ఎత్తి అడగడం మొదలుపెట్టింది. “ఇది ఏ బొంతలోకి?”

“మెత్తగా ఉంది. పురిటి బొంత అంచుకి.”

“ఉంచు. ఈ గొడుగు గుడ్డ?”

“అదీ... ఎప్పటికైనా...”

“ఎప్పటికి అని అడగలేదు అత్తా. ఏ బొంతలోకి?”

సూదెమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కకి నెట్టేసింది. ఉడుతలు దాన్ని బొరియలోకి ఈడ్చుకుపోయాయి.

“ఈ ఒంటి చేతి చొక్కా?”

“ఒంటి చేతివాడెవడైనా పుడితే...” అంటూ తనే ఫక్కున నవ్వేసింది సూదెమ్మ. “బాబాయికే పంపించెయ్!”

ఇక ఆవిడ గోరింక కోసం ఆగలేదు. తనే ఎత్తుతోంది, తనే అడుగుతోంది, తనే తేలుస్తోంది. దారాలు కొబ్బరి చిప్పల్లోకి, గుండీలు సొరకాయ బుర్రలోకి, మంచి ముక్కలు రంగు ప్రకారం వెదురు దండెం మీదికి వెళ్లాయి. తక్కినదంతా బొరియలోకి. ఒక గుమ్మం నిండితే ఇంకో గుమ్మంలోంచి.

అట్టడుగున పురిటి బొంత దొరికింది, నడిమధ్య ఇంత చిల్లుతో. కింద దొంగ వేరుశనక్కాయల రాశి. పక్కన సూదెమ్మ మంచి దారాలతో పేర్చుకున్న పందికొక్కు పడక!

“తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాం గానీ, ఇదేంటి బాబాయ్!” అంది గోరింక.

బొర్రయ్య బొరియలోకి దూకబోయాడు. గుమ్మంలో గొడుగు గుడ్డ. రెండో గుమ్మానికి పరిగెత్తాడు. ఒంటి చేతి చొక్కా ఆ చెయ్యి చాపి అడ్డంగా ఉంది. ఎటు తవ్వినా పీలికలే.

“అమ్మో నా ఇల్లు! ఈ చెత్తంతా నాకెందుకు? తియ్యండి బయటికి!”



“విన్నావా అత్తా? చెత్త అన్నది నేను కాదు” అంది గోరింక.

సూదెమ్మ ముళ్లు సర్దుకుంది. ఎన్నాళ్లుగానో విన్న మాటని అదే తియ్యదనంతో తిరిగిచ్చింది. “అయ్యయ్యో తమ్ముడూ! బంగారంలాంటి ముక్కలు! తిండి అడుగుతాయా, నీళ్లడుగుతాయా? పడుంటాయిలే!”

బొర్రయ్య మూతి ముడుచుకుని, ఖాళీ చేతుల్తో చేను గట్టు దాటి పోయాడు.

బొంతకి చిల్లు మాత్రం మిగిలింది. సూదెమ్మ రాతి సందులోంచి ఒక ఎర్ర ముక్క తీసింది. పుట్టినప్పుడు తనని పడుకోబెట్టిన బొంతలో మిగిలిన ముక్క. మాసిపోతుందని ఏళ్ల తరబడి ముట్టుకోలేదు.

“అది ఏ బొంతలోకి, అత్తా?” ఈసారి గోరింక గొంతు తగ్గించి అడిగింది.

“ఈ చిల్లులోకి” అంది సూదెమ్మ. పొద్దు వాలేలోగా కుట్టేసింది. చోటుంటే చెయ్యి ఎంత చురుగ్గా ఆడుతుందో!

మర్నాడు రేగమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. “అమ్మా! మన గుహ ఇంత పెద్దదా?”

సూదెమ్మ గుహ మధ్యలో గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. ఒంటికి ఒక్క పీలిక తగులుకోలేదు. హమ్మయ్య అని గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఆ సాయంత్రమే మెత్తని ముళ్లతో ఓ పిల్ల పుట్టి, ఎర్ర ముక్క మీద ముడుచుకుని నిద్రపోయింది.

పడుండే వస్తువు ఊరికే పడుండదు, పనిచేసే చెయ్యి ఆడే చోటు తినేస్తుంది.

కథ అయింది, ఇక మీ వంతు. మీ కుట్టుమిషను పక్కనో, రంగుల పెట్టె వెనకో ఒక కుప్పుంటుంది, నాకు తెలుసు. ఇవాళే దాని ముందు కూర్చోండి. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని ‘ఏ బొంతలోకి?’ అని అడగండి. జవాబు రానిదాన్ని గడప దాటించండి. పక్కన ఎవరైనా ‘పడుంటుందిలే’ అంటే, ముందు వాళ్ల బొరియ ఎక్కడుందో కనుక్కోండి!