పాలు పొంగించిన ప్రభువు

వెనకటికి కొండవాకిలి అని ఒక రాజ్యం ఉండేది. దాన్నేలే రణధీర భూపతికి డాబు జాస్తి. తాను తుమ్మినా భేరీ మోగాలనే రకం!

ఆయనగారు కొత్త వంటశాల కట్టించారు. ఇత్తడి రేకులు తాపిన పొయ్యి, నగిషీల పైకప్పు, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. పొగ పోవడానికి మాత్రం సందు లేదు. కప్పుకి చిల్లు పెడితే అందం చెడుతుందట! కిటికీ ఊసే లేదు. పొయ్యేమో నేలబారున ఉంది.

అక్కడ వండే నాంచారమ్మకి నెల తిరక్కుండానే దగ్గు పట్టుకుంది. కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఒకనాడు చీర చెంగుకి నిప్పంటుకుని కాస్తలో తప్పింది. ఆ సంగతి విన్నవించుకుంటే రాజు మండిపడ్డాడు.

"మా పొయ్యికే వంకలా? అవన్నీ పనిదొంగల దగ్గులు! ఇకమీదట వంటశాలలో ఎవరు దగ్గినా కొలువు ఊడినట్టే!"

పాపం, ఆవిడ సంపాదన మీదే ఇంటిల్లిపాదీ బతుకుతోంది. నోట్లో కొంగు కుక్కుకుని వండుతున్న నాంచారమ్మను చూసి ఆస్థాన విదూషకుడు పేరిభట్టుకి కడుపు తరుక్కుపోయింది.

"దిగులుపడకు అక్కా. ఆ దగ్గేదో దొరవారికీ రుచి చూపిద్దాం," అన్నాడు ధీమాగా.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, ఎంత పొరపాటు జరిగిపోయింది! కొత్త పొయ్యి మీద పాలు పొంగించకుండానే వంట మొదలెట్టేశారు. ఏలినవారే స్వహస్తాలతో పొంగించాలి. పొంగేదాకా పీట మీంచి లేవకూడదు, లేస్తే అరిష్టం. చిన్న గిన్నెడు పాలు చాలు."

"గిన్నెడా? మేమెవరమనుకున్నావు? గంగాళం ఎక్కించండి!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

పేరిభట్టుకి కావలసిందీ అదే.

మేళతాళాలతో వచ్చి రాజు పొయ్యి ముందు కూర్చున్నాడు. రోజూ పెట్టే కట్టెలే పెట్టారు. కాసేపటికి పొగ కమ్మేసింది. గంగాళంలో పాలు ఉలకవు, పలకవు. మేళగాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. రాజుగారికి లేద్దామంటే అరిష్టం, కూర్చుందామంటే ఊపిరాడదు. కళ్ళవెంట ధారలు!

ఇంతలో ఉత్తరీయం అంచుకి నిప్పురవ్వ తగిలి భగ్గుమంది. పక్కనే ఉన్న నాంచారమ్మ ఆగుతుందా? నీళ్ళ కడవెత్తి నెత్తిమీంచి కుమ్మరించేసింది. నిప్పు ఆరింది, కిరీటం జారింది, రాజుగారికి దగ్గు తెర ముంచుకొచ్చింది. ఖళ్ళు ఖళ్ళుమని ఒకటే దగ్గు!

పేరిభట్టు వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, వంటశాలలో దగ్గినవారిని కొలువులోంచి పంపించెయ్యమని తమ ఆజ్ఞ. ఇప్పుడెవరిని పంపించెయ్యమంటారు?"

నాంచారమ్మ ఖాళీ కడవ పట్టుకుని కొయ్యబారిపోయింది.

రాజు కళ్ళు తుడుచుకుని పైకి చూశాడు. "ఆ కప్పుని! ముందు ఆ కప్పుని పంపించెయ్యండి!" అని పడీపడీ నవ్వాడు. "పొగ పోయేందుకు గూడు పెట్టండి, గోడకి కిటికీ తియ్యండి, పొయ్యిని ఎత్తుగా గట్టు మీద కట్టండి. ఎలా ఉండాలో నాంచారమ్మ చెబుతుంది. ఆవిడ సరేననేదాకా ఎవరూ నిప్పు రాజెయ్యొద్దు!"

అప్పటికి పొంగాయి పాలు.

"ఓరి గడుసువాడా, నీకేం బహుమానం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

"ఏదిచ్చినా బయటికెళ్ళాక ఇప్పించండి ప్రభూ. నాకూ దగ్గొస్తోంది!"

రాజు పకపకా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి అక్కడికక్కడే పేరిభట్టు మెళ్ళో వేసి, చెయ్యి పట్టుకుని తనే బయటికి లాక్కొచ్చాడు.