నీళ్ళవాళ్ళు వచ్చిన మధ్యాహ్నం

పొద్దున్నే. ఆకాశంలో మబ్బు లేదు. పడమటి గాలి వీస్తోంది.

అది పూరికప్పుల ఊరు. ప్రతి ఇంట్లో పొయ్యి ఉంది, ప్రతి పొయ్యి నుంచీ నిప్పురవ్వలు లేస్తాయి. పొయ్యి ఆర్పితే తిండి లేదు. అందుకని నీళ్ళవాళ్ళు తడిగోనెలతో కప్పుల మీద తిరుగుతూ, రవ్వ పడ్డ చోటల్లా ఆర్పేవారు. వాళ్ళ వల్లే ఊరు నిలిచింది. అది నిజమే. ఊరు ఏటా వాళ్ళకు దండలు వేసేది. నీళ్ళకు మించిన మేలు లేదని పిల్లలచేత వల్లె వేయించేది.

ఆ ఊళ్ళో ఒక ఇల్లు పెరుగుతోంది. ముందు దాని అరుగు పెరిగింది. తర్వాత పక్కింటి పెరడు దాని పెరడైంది. ఆపైన పక్కిల్లే దాని గదైంది. అడగడానికి వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. ఇప్పుడు దాని గోడ ఒక తల్లి వంటింటికి ఆనుకుంది.

ఆ పెరిగే ఇంటిని కాల్చేందుకు తల్లీ, ఆమె భర్తా నిప్పు పెట్టేవాణ్ణి పిలిపించారు. ఆ ఇంటివాళ్ళు తిని కునుకు తీసే వేళ నడిమి స్తంభానికి అంటించాలన్నాడు. తోడుగా తల్లి భర్త, కొడుకు బయల్దేరారు. నిప్పు పెట్టేవాడు తల్లికి ఒక్కటే చెప్పాడు.

"మీ కప్పూ కాస్త మాడుతుందమ్మా. ఓర్చుకో. ఈ ఒక్కపూట నీళ్ళవాళ్ళని పిలవకు."

తల్లి తలూపింది.

మధ్యాహ్నం పొగ లేచింది. ఆమె కప్పు అంచు నల్లబడింది. లోపల కూతురు దగ్గింది. పొరుగావిడ వచ్చి, ఎవడి మాటో పట్టుకుని కొంప కాల్చుకుంటావా అని మెత్తగా చీవాట్లు పెట్టింది.

"నీళ్ళు ఎవరికి చేటు చేశాయి వదినా? మంచిది నాలుగు కుండలు ఎక్కువైతే తప్పా?"

తల్లి పిలిచింది.

నీళ్ళవాళ్ళు ఎప్పటికన్నా రెట్టింపు మంది వచ్చారు. ఆమె కప్పు తడిపారు. గోడ దూకి అవతల కూడా తడపబోయారు. ఆ ఇల్లు వద్దు, మావాళ్ళు లోపలున్నారని తల్లి అడ్డుపడింది. పెద్ద నీళ్ళవాడు నొచ్చుకున్నాడు.

"మేం నిప్పునే చూస్తాం తల్లీ. ఎవరిల్లో అడగడం మా ఇంటావంటా లేదు."

మంట చల్లారింది. కునుకు తీసినవాళ్ళు లేచారు. ఆ ఇంటి తలుపులు మూసుకున్నాయి.

సాయంత్రం ఊరు నీళ్ళవాళ్ళకు దండలు వేసింది. మొదటి దండ పెరిగే ఇంటి నుంచే వచ్చింది.

దీపాలవేళ తల్లి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టుకుంది. కూతురు ఉంది. చేతులు కాలినా కొడుకు వచ్చాడు. నిప్పు పెట్టేవాడూ వచ్చాడు. పిల్లల తండ్రి రాలేదు.

గోడ అవతల కూడా లెక్కపెట్టుకుంటున్నారు. ఒక్కరూ తగ్గలేదు. పొద్దుటికంటే ఒకరు ఎక్కువే తేలారు.