గాదెలో దాక్కున్న రాజు

ఏ రాజ్యమైతేనేం లెండి, ఆ రాజు ప్రతాపవర్మకి తన గొప్ప పదిమందీ చూడాలని మహా సరదా. ఆస్థాన చిత్రకారుడు పెద్దోజు ఆయన బతుకంతా గుడ్డల మీద గీసి, జరిగింది జరిగిన వరసలోనే పొడవాటి వసారా నిండా వేలాడదీశాడు.

పొరుగు రాజుగారి కోట చూసొచ్చాక మన దొరగారికి అది నచ్చలేదు.

"అక్కడ వీరానికో గది, దానానికో గది. ఇక్కడంతా కలగాపులగం. ఎల్లుండి ఆయన వస్తున్నాడు. ఏ రకానివి ఆ రకం ఒకచోట పెట్టు."

"విడదీస్తే బొమ్మల ప్రాణం పోతుంది ప్రభూ" అన్నాడు పెద్దోజు.

"అయితే నువ్వు రాజ్యం విడిచిపో."

ఆ వయసులో ఎక్కడికి పోతాడు పాపం? ముసలాయన కుంచెలు మూటగట్టుకోసాగాడు. అది చూసి విదూషకుడు చెన్నభట్టు లేచాడు.

"నేను సర్దుతాను మహారాజా. బాగుంటే ఈయన్ని పంపెయ్యండి. పాత వరసే కావాలని మీరే అడిగితే మాత్రం ఈయన ఇక్కడే ఉండాలి."

"అడిగినప్పుడు చూద్దాంలే" అన్నాడు రాజు.

అతిథి రానే వచ్చాడు. వీరం గదిలో ఉన్నవి కాసిని బొమ్మలే, చిటికెలో చూడటం అయిపోయింది. దానం గదిలో రాజు ఒక అవ్వకి పొలం ఇస్తున్న బొమ్మ ఉంది. "ఎవరీమె? ఎందుకిచ్చారు?" అని అడిగాడు అతిథి. ఆ సంగతి చెప్పడం ఇష్టంలేక రాజు ఆయన్ని గబగబా పక్క గదికి తీసుకెళ్లాడు.

మూడో గది మాత్రం కిటకిటలాడుతోంది. ఒక బొమ్మలో ప్రతాపవర్మ గాడిదెక్కి పారిపోతున్నాడు. ఇంకోదాంట్లో కిరీటం వదిలేసి ఏరు ఈదుతున్నాడు. మరోదాంట్లో ధాన్యపు గాదెలోంచి తొంగి చూస్తున్నాడు.

"తమరికి పరుగు బాగా అలవాటనుకుంటాను" అన్నాడు అతిథి, మీసాల చాటున నవ్వుతూ.

రాజు చెన్నభట్టుని పక్కకి లాగాడు. "ఇదేం గదయ్యా?"

"పారిపోవడమూ ఒక రకమే కదా ప్రభూ."

"నా పరువు తీశావు. ముందు పాత వరసలో పెట్టించు."

అతిథి భోంచేసి వచ్చేసరికి బొమ్మలు మళ్లీ వసారాలో ఉన్నాయి. గాదెలో రాజు. పక్కనే, వెతకడానికొచ్చిన శత్రు సైనికులకి అడ్డంగా నిలబడ్డ అవ్వ. ఆ పక్కన రాజు గెలుపు. ఆ తర్వాత అవ్వకి పొలం.

ఈసారి అతిథి నవ్వలేదు. "చేసిన మేలు మరవని రాజన్నమాట" అని ప్రతాపవర్మ చేయి పట్టుకున్నాడు.

వరస చివర ఒక ఖాళీ గుడ్డ వేలాడుతోంది. "ఇదేమిటి?" అన్నాడు రాజు.

"రేపటిది ప్రభూ. ఆ గదుల్లో దీనికి చోటు దొరకలేదు" అన్నాడు చెన్నభట్టు.

రాజు పకపకా నవ్వి, మెడలో హారం తీసి చెన్నభట్టుకి వేశాడు. తర్వాత పెద్దోజు దగ్గరికి వెళ్లాడు.

"నేను మళ్లీ కిందపడితే అదీ గియ్యి. లేచింది మాత్రం దాని పక్కనే పెట్టు."