మైల గోడకు సున్నం

మా వైపు ఇంటి గోడకు ఎన్నాళ్లకోసారి సున్నం వెయ్యాలని అడిగితే పెద్దవాళ్లు వెంటనే జవాబు చెప్పరు. ముందు కూర్చోమంటారు. కూర్చున్నాక అసిరమ్మ కథ చెబుతారు. నేనూ అదే చెబుతాను. మధ్యలో లేచి వెళ్లకండి, నాకు కోపం వస్తుంది.

సముద్రం ఊరికి ఇంకా ఎడంగా ఉండేదట, చేపలకు వలంటే ఇంకా భయం పట్టలేదట, అంత వెనకటి మాట. అనగనగా ఇసుక మీద ఒక ఊరు. ఊరినిండా మట్టిగోడల ఇళ్లు, తాటాకు కప్పులు. ఆ గోడలకు ముగ్గురు శత్రువులు. ఎండ పగలగొట్టేది. వాన నానబెట్టేది. ఉప్పుగాలి తినేసేది. ముగ్గురికీ కలిపి ఒకటే మందు, గుల్లసున్నం. ఏటా వానలకు ముందు గోడ బయటివైపు దట్టంగా రెండు పూతలు వేస్తే ఆ ఏడాదికి గోడ నిలిచేది. ఒక ఏడాది మానేస్తే పాచి పట్టేది. రెండేళ్లు మానేస్తే పెచ్చులు ఊడేవి. మూడేళ్లు మానేసిన ఇల్లు ఆ ఊళ్లో అప్పటిదాకా లేదు.

సున్నం వేసే మనిషి అసిరమ్మ. ఒడ్డున గుల్లలు ఏరుకొచ్చేది, బట్టీలో కాల్చేది, బానలో నీళ్లు పోసి ఉడకనిచ్చేది. ఈతమట్టను నలగ్గొట్టి కుంచె తానే చేసుకునేది. ఊళ్లో ప్రతి గోడా ఆమె చేతిమీదే తెల్లబడేది. మామ, అత్త తౌడమ్మ, మొగుడు ఎర్రయ్య, ఆరేళ్ల కూతురు పైడి, అందరూ ఉన్న సంసారం. పెద్ద గొప్పదేమీ కాదు. మూడు పూటల్లో రెండు పూటలు తినేవాళ్లు, నవ్వుకునేవాళ్లు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా పోతే ఆ ఇంటికి ఏడాది మైల. మైల ఇంటి గోడకు సున్నం వెయ్యకూడదు, మట్టి మెత్తకూడదు, అసలు తడిచెయ్యి ఆనించకూడదు. ఇల్లు కూడా ఏడవాలన్నమాట. ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. అసిరమ్మకూ తెలీదు. కానీ అందరికంటే గట్టిగా నమ్మింది ఆమే. మైల ఇంటి వాళ్లు పిలిచినా వెళ్లేది కాదు.

ఒక ఏడాది వానలకు నెల ముందు మామ జ్వరంతో పోయాడు. అసిరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. కుంచె కడిగి చూరులో దోపేసింది. ఎండ పగలగొట్టింది. వాన నానబెట్టింది. ఉప్పుగాలి తినేసింది. గోడకు పాచి పట్టింది. ఆ నల్లటి పాచి మీద పైడి వేలితో చేపబొమ్మలు గీసుకునేది. చూసి అసిరమ్మ నవ్వింది కూడా. ఏడాది తిరగ్గానే రెండు పూతలకు మూడు పూతలు వేద్దాంలే అనుకుంది.

ఏడాది ఇంకా తిరగనే లేదు, ఎర్రయ్య చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. తెప్ప వచ్చింది, మనిషి రాలేదు. మళ్లీ ఏడాది మైల. ఈసారి అసిరమ్మ ఊరిపెద్ద గున్నయ్య ఇంటికి వెళ్లింది.

"పెదనాయినా, గోడ పెచ్చులూడిపోతన్నాది. ఒక్క పూత ఏసుకోనీయండి."

"మైలింటికి సున్నమేటే అమ్మీ? ఎర్రయ్య ఆత్మ ఏటనుకుంటాది? కొన్నాళ్లాగు."

ఆగింది. ఎండ పగలగొట్టింది. వాన నానబెట్టింది. ఉప్పుగాలి తినేసింది. గోడలోంచి మట్టి పిడికెడు పిడికెడు రాలేది. కొడుకు పోయిన దిగులుతో తౌడమ్మ మంచం పట్టింది. పట్టినదల్లా ఆ ఏడు తిరక్కుండానే కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఏడాది మైల.

ఇక ఇంట్లో మిగిలింది ఇద్దరే, తల్లీ బిడ్డా. పడమటి గోడకు అడుగునుంచి నడుమెత్తు దాకా పగులు. ఆ పగుల్లోంచి పైడి చెయ్యి దూర్చి అవతల ఉన్న కోడిపిల్లను పట్టుకునేది. అసిరమ్మకు అంతకుముందు గోడ గోడే, ఇప్పుడు దాన్ని చూస్తే పగవాణ్ని చూసినట్టుండేది. పైడిని ఆ గోడవైపు పడుకోనిచ్చేది కాదు, కూర్చోనిచ్చేది కాదు. ఎంత దూరం జరుపుతుంది? ఉన్నది ఒక్క గది. మైల ఇంటి పిల్లను వేరే ఇంట్లో పడుకోనివ్వరు.

మళ్లీ గున్నయ్య ఇంటికి వెళ్లింది. ఈసారి కాళ్లు పట్టుకుంది.

"పెదనాయినా, మూడేళ్లైపోనాది. సున్నం వొద్దు, పోనీ. పగుల్లో ఇంత మట్టైనా కుక్కుకోనీ. మా పైడి గుంట మీద పడిపోతాదని బయమేస్తన్నాది."

గున్నయ్య చెడ్డవాడు కాదు. అదే నాకు ఒళ్లు మండే సంగతి. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా సేతిలో ఏటున్నాదే తల్లీ? మీ అత్త ఏడాది తద్దినం వొచ్చీదాకా ఆగు. ఇన్నాళ్లాగినావు, కాసింత ఆగలేవా?" అన్నాడు.

తరవాత ఏమన్నాడో తెలుసా? "ఎలాగూ వొచ్చినావు గదా, వానలు దగ్గరికొచ్చీసినాయి, రేపు మా గోడలకి పూత మొదలెట్టీ" అన్నాడు. మైల ఇంటికి పట్టింది కానీ ఆమె చేతికి పట్టలేదట. ఊరందరి గోడలకూ ఆ చెయ్యే కావాలి మరి. అదేం న్యాయమని నన్నడక్కండి.

అసిరమ్మ వెళ్లింది. వెళ్లకపోతే గంజి ఎక్కడిది? గున్నయ్య ఇంటికి మొదటి గోడ వేసింది. రెండో గోడ వేసింది. మూడో గోడ మీద ఉండగా మిట్టమధ్యాహ్నం సముద్రం మీద మబ్బు లేచింది. రోజులు కాని రోజుల్లో వచ్చిన మబ్బు. అసిరమ్మ కుంచె దించింది.

"పెదనాయినా, గుంట ఒక్కర్తీ ఉన్నాది. నానెల్తాను."

"ఆ మూల ఒక్కటీ ఏసీసి ఎల్లమ్మీ. తడిస్తే ఏసిందంతా కారిపోతాది. కాసింత ఆగు."

ఆగింది. మూల పూర్తిచేసింది. అంత పనిమంతురాలు, పూత సన్నగా వదిలి వెళ్లలేకపోయింది. అప్పటికే చినుకులు పెద్దవయ్యాయి. కుంచె పట్టుకునే పరిగెత్తింది.

పిడుగుకు భయపడి పైడి ఇంట్లోకి దూరింది. కప్పు కారుతుంటే తడవని చోటు చూసుకుని ముడుచుకుని కూర్చుంది. తడవని చోటు పడమటి గోడ పక్కనే ఉంది.

అసిరమ్మ వచ్చేసరికి ఇంటికి మూడు గోడలే ఉన్నాయి. సున్నపు చేతులతోనే మట్టి తవ్వింది. ఊరంతా వచ్చి తవ్వింది. పిల్లను బయటికి తీశారు. ఒంటినిండా మట్టి, బుగ్గల మీద మాత్రం తల్లి చేతుల సున్నం. ఆ ఊళ్లో ఆ రోజు ఎవరూ అన్నం వండలేదంటారు. వండకపోతే ఏం, పిల్ల లేచి వస్తుందా?

మూడోనాడు చేసే చిన్నదినం కర్మ అవగానే అసిరమ్మ బట్టీలో ఉన్న సున్నమంతా బానలో పోసింది. మిగిలిన మూడు గోడలకూ పూత వేసింది. ఆఖరికి కూలిపడ్డ మట్టికుప్పకు కూడా వేసింది. వాన పడి కారిపోతే మళ్లీ వేసింది. మళ్లీ కారిపోతే మళ్లీ వేసింది. ఊరివాళ్లు గుంపుగా వచ్చారు. మైల ఇంటికి సున్నమేమిటని అడగడానికే వచ్చారు. వాళ్ల ముందు గున్నయ్య నిలబడ్డాడు.

అసిరమ్మే ముందు అడిగింది. "ఏటి పెదనాయినా, ఇంకా ఆగమంటావేటి? దేనికోసరం ఆగాల? సెప్పు, ఆగుతాను."

ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఆ తరవాత ఊళ్లో ఎవరు పోయినా మూడోనాడు అసిరమ్మ సున్నపు బానతో ఆ ఇంటి ముందుకు వచ్చేది. పిలవక్కర్లేదు. ఎవరితో మాట్లాడేది కాదు, ఏమీ తీసుకునేది కాదు. బయటి గోడలన్నిటికీ పూత వేసి వెళ్లిపోయేది. మొదట్లో తలుపులు వేసుకున్నారు. తరవాత నీళ్లు తెచ్చిచ్చారు. ఆమెకు పుణ్యం వచ్చిందనీ, మనసు కుదుటపడిందనీ చెబితే వినడానికి బాగుంటుంది. కుదుటపడలేదు. ప్రతి గోడ దగ్గరా పగులు వెతికి చెయ్యి దూర్చి చూసేది. సున్నపు కాటుకు చేతులు పగిలిపోయాయి, కళ్లు మసకబారాయి. అయినా ఆమెకు ఒక్క రాత్రి కూడా నిద్ర పట్టలేదు.

ఒకసారి గున్నయ్య పెద్దకొడుకు పోయాడు. వాడి పిల్లలు ఇంకా పాలు తాగే పిల్లలు. మూడోనాడు అసిరమ్మ వచ్చింది, నాలుగు గోడలూ తెల్లగా చేసింది. ముసలి గున్నయ్య ఏడుస్తూ బయటికొచ్చి చేతులు జోడించాడు.

"నా తప్పు కాసినావా తల్లీ?"

"గోడకి ఏసినాను పెదనాయినా, నీకు గాదు. లోపల గుంటలున్నారు" అంది. బాన ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె పోయిన రోజున ఆ ఇంట్లో మైల పట్టడానికి ఒక్క మనిషి లేడు. కొరివి ఎవరు పెట్టాలన్నదే పెద్ద తగువైంది. చివరికి ఊరే పెట్టింది. మూడోనాడు ఇంటికొక చెంబు సున్నం తెచ్చి ఊరే ఆ మూడు గోడలకూ పూసింది. లోపల కాపాడుకోవడానికి ఎవరూ లేరు, అయినా పూసింది.

ఆ గోడలు ఎప్పుడో ఇసుకలో కలిసిపోయాయి. కానీ మా తీరం పొడుగునా ఇప్పటికీ వానలకు ముందు ఏడాదికోసారి సున్నం వేస్తాం. చావు జరిగిన ఇంటికైతే ఏ కాలమైనా సరే, మూడోనాడు ఇరుగుపొరుగే వచ్చి వేస్తారు. ఆ ఇంటివాళ్లు దుఃఖంలో ఉండి, ఇప్పుడొద్దు, కొన్నాళ్లు ఆగుదాం అంటారు. అలా అనడం సహజమే. అప్పుడు వాడకట్టులో అందరికంటే పెద్ద ముసలమ్మ ముందుకొస్తుంది.

"అసిరమ్మకీ అదే సెప్పినాం" అంటుంది.

ఎవరో ఒకరు లేచి సున్నం బానలో నీళ్లు పోస్తారు.