కుండకా, కండకా?

అనగనగా, ఎంత పాతకాలమని మాత్రం అడగొద్దు, అడవి ఊళ్లోకి తొంగిచూసే రోజులవి. కొండ కింద ఊరికి ఒక దొర. ఆ దొరకు ఒక తుపాకి. ఆ తుపాకికి తూటాలు మోసే మనిషి ఓబులమ్మ. మొగుడు పోయాక అతని భుజాన ఉన్న సంచులు ఆమె భుజానికి వచ్చాయి.

సంచులు రెండు. గుడ్డసంచిలో గురి తూటాలు. సన్నవి, గట్టివి, సూటిగా పోయి కుండను పగలగొడతాయి. తోలుసంచిలో వేట తూటాలు. వాటి మొన మెత్తన. ఒంట్లో దిగితే విచ్చుకుని జంతువును అక్కడికక్కడే పడేస్తుంది. గురి తూటా జంతువుకు తగిలిందా, దూసుకుపోతుంది. చావనివ్వదు, బతకనివ్వదు. అందుకే దొర చెయ్యి చాచినప్పుడల్లా ఓబులమ్మ అడిగేది.

“కుండకా, కండకా?”

ఒకనాడు పొద్దున దొర చుట్టాల ముందు కుండలు కొడుతున్నాడు. మూడు కుండలు వరసగా పగిలాయి. మెప్పు తలకెక్కింది. అంతలో జొన్నచేలోంచి అడవిపంది బయటపడింది. దొర వెనక్కి చూడకుండానే చెయ్యి చాచాడు.

“కుండకా, కండకా?”

“నలుగుర్లో నన్నే అడుగుతావా? చేతిలో ఉండేది తే!”

చేతిలో ఉన్నది గుడ్డసంచి. ఓబులమ్మ తీసి ఇచ్చేసింది. పంది ఒక్క అరుపు అరిచి, నెత్తురోడుతూ కట్టెలదోవ పక్క పొదల్లో దూరింది.

“తగిలింది! అదే చస్తాదిలే” అని దొర భోజనానికి లేచాడు.

ఓబులమ్మకు కాలు నిలవలేదు. ఇమ్మన్నది దొరే, ఇచ్చింది మాత్రం తన చెయ్యి. పొద్దు వాలితే ఊరి ఆడవాళ్లు కట్టెమోపులతో ఆ దోవనే రావాలి. దెబ్బతిన్న పంది మనిషిని వదలదు. తోలుసంచిలోంచి ఒక తూటా తీసి, పిడికిట్లో పట్టుకుని దొర గుమ్మంలో నిలబడింది.

“లెయ్ సామీ, పంది దోవలో ఉండాది.”

“తిని వస్తాలే.”

అటు తిరిగింది, ఇటు తిరిగింది.

“లెయ్ సామీ, పంది దోవలో ఉండాది.”

“ఒక కునుకు తీసి వస్తాలే.”

అటు తిరిగింది, ఇటు తిరిగింది.

“లెయ్ సామీ, పొద్దు వాలతా ఉండాది.”

“చుట్టాలను సాగనంపి వస్తాలే.”

ఇక ఆమెకు ఓపిక చచ్చిపోయింది. తూటాను గడప మీద పెట్టి, వాకిట్లో ఉన్న కర్ర పట్టుకుని పరుగెత్తింది. దోవకు అడ్డంగా నిలబడి “రావద్దండే! వెనక్కి పోండే!” అని కేకలు పెట్టింది. ఆడవాళ్లు మోపులు పడేసి వెనక్కి ఉరికారు. పంది మాత్రం ఆ కేక వైపే వచ్చింది.

దొర గడప దాటుతుంటే ఆమె పెట్టిన తూటా కాలికి తగిలింది. దాన్ని తీసుకుపోయి పందిని ఒక్క దెబ్బకు పడేశాడు. ఏం లాభం! ఓబులమ్మ ప్రాణం అప్పటికే పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దొర విస్తరి ముందు కుదురుగా కూర్చోలేదు. ముద్ద ఎత్తి గుమ్మం వైపు చూసేవాడు.

ఇప్పటికీ ఆ కొండ కింద తుపాకి పట్టినవాడు తూటా పెట్టేముందు “కుండకా, కండకా?” అని తనను తానే పైకి అడుగుతాడు. తుపాకి ముట్టనివాళ్లూ ఆమెను తప్పించుకోలేరు. చేతిలో పని సగంలో వదిలేసి ఎవరైనా తినడానికి కూర్చుంటే, ఇంట్లో పెద్దవాళ్లు ఒకటే మాట అంటారు.

“ఓబులమ్మ గుమ్మంలో నిలబడుండాది, లెయ్.”

లేస్తారు.